ఊపిరికీ ఒక సీనియారిటీ

రాళ్ళపేట జిల్లాలో రాయి పుష్కలం, బుద్ధి మాత్రం రేషను. భూమిని నాలుగడుగులు గోకితే నల్ల గ్రానైటు తగులుతుంది. దాన్ని కోసేవాళ్ళకూ, మెరుగు పెట్టేవాళ్ళకూ, దానిమీద పెద్దల పేర్లు చెక్కేవాళ్ళకూ ముప్ఫై ఏళ్ళు నిండకముందే నడుములు పోతాయి. నడుం పోయినవాడు మొదట సందు చివరి మందుల షాపులో ఒక నొప్పి బిళ్ళ అడుగుతాడు. కొన్నాళ్ళకు రెండు, ఆ తర్వాత పట్టీకి పట్టీ. అవి నల్లమందు జాతి బిళ్ళలనీ, మోతాదు మించితే నొప్పితోపాటు ఊపిరిని కూడా ఆపేస్తాయనీ షాపువాడు చెప్పడు. చెబితే రేపు ఎవడొస్తాడు?

ఆ సంగతి బాగా తెలిసిన మనిషి సువార్తమ్మ. అంబులెన్సులో టెక్నీషియను, ఏజెన్సీ తరఫున ఒప్పంద ఉద్యోగం. ఫోను వచ్చిన పది నిమిషాల్లో పైలెట్ ఖాజావలి ఆమెను మనిషి పడిన చోట దింపేవాడు. అంబులెన్సు డ్రైవరును పైలెట్ అనాలని రూలు, జీతం మాత్రం డ్రైవరుదే. అక్కడ పెదాలు నీలంగా తిరిగి, కంటిపాపలు ఆవగింజంత అయిపోయి, ఉందా లేదా అన్నట్టు ఊపిరి తీసే మనిషి ఉండేవాడు. ఆమె అతని మూతికి గాలిసంచి బిగించి ఒత్తుతూ ఆసుపత్రికి తీసుకుపోయేది. ఆసుపత్రి నలభై కిలోమీటర్లు. ఆ ఏడాది ఉగాది నుంచి అట్లా తీసుకుపోయినవాళ్ళు ఐదుగురు, ప్రాణంతో చేరినవాళ్ళు ఇద్దరు.

ముక్కులో ఒక్క పిచికారీ కొడితే చాలామంది కళ్ళు తెరుస్తారనీ, ఆ మందు ఆసుపత్రిలో కాదు మీ బండిలో ఉండాలనీ అక్కడి డాక్టరు చెప్పినప్పటి నుంచి సువార్తమ్మకు తింటున్నా పడుకున్నా ఆ పిచికారీ మీదే ధ్యాస. దానికి కారణం ఇంట్లోనే ఉంది. ఆమె తమ్ముడు ఆశీర్వాదం శిలాఫలకాలు చెక్కుతాడు. అంత గుండ్రని అక్షరం జిల్లాలో మరొకడికి రాదు. వాడి చొక్కా ఉతకబోతే జేబులో పట్టీ కనబడింది. అడిగితే, "రెండే అక్కా, నడుం వంగటానికి" అన్నాడు. తిట్టింది, ఏడ్చింది, బైబిలు మీద ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేసింది నోరు, నొప్పి పెట్టేది నడుం. ఆ రెంటికీ పొత్తు కుదరలేదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి నిధి వచ్చింది. దానికి ప్రాణోద్ధరణ పథకమని పేరు. ఉత్తర్వులో ఉన్నవి రెండే వాక్యాలు. మోతాదు మించి పడిపోయినవారి దగ్గరకు అందరికంటే ముందు చేరేవారికి శిక్షణ ఇవ్వండి. ఆ మందు వారి చేతికివ్వండి. రెండు వాక్యాల ఉత్తర్వు మన ఆఫీసుల్లో బతికి బట్టకట్టగా ఎవరైనా చూశారా?

మందు పెట్టెలు ముందే వచ్చాయి. శిక్షణ పూర్తయ్యేదాకా ఎవరూ విప్పరాదని వాటిని స్టోరులో పెట్టి లక్క సీలు వేశారు. పథకానికి ప్రాజెక్టు అధికారిగా వామనమూర్తి గారు వచ్చారు. ఆయన చాలా మంచివాడు, అంటే ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. ఆ కాగితాలు రాసేది సూపరింటెండెంటు చలమయ్య గారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన ఒక్కసారి కూడా తప్పు చేయలేదు, ఎందుకంటే ఏ పనీ పూర్తి కానివ్వలేదు. ఆయన ఫైలు మీద రాసిన నోటు ఇది:

"పై అధికారికి తెలియని విద్యను క్రింది ఉద్యోగి అభ్యసించుట పరిపాలనా క్రమశిక్షణకు విఘాతము. క్రింది ఉద్యోగి తాను ఫలానా ప్రాణమును నిలబెట్టితినని నివేదించినచో, దానిని ధ్రువీకరించవలసిన పై అధికారికి ఆ విద్య తెలియని పక్షమున, సదరు ప్రాణము ధ్రువీకరణ లేని ప్రాణమగును. కావున శిక్షణను సీనియారిటీ క్రమములో పైనుండి క్రిందికి జరుపవలెను."

దాని కింద వామనమూర్తి గారు "అట్లే" అని సంతకం పెట్టారు.

జాబితా తయారైంది. మొదటి పేరు జిల్లాకు పెద్దసారుది. ఆ వెనుక రెవెన్యూ, సర్వే, సహకార ఆడిటు, పాఠ్యపుస్తకాల డిపో, మత్స్యశాఖ. క్వారీలో మనిషి పడిపోతే ముందుగా పరుగెత్తుకొచ్చేది పాఠ్యపుస్తకాల డిపో మేనేజరే కామోసు. ఆరువందల పన్నెండు పేర్లు, ఆఖరున తోటమాలి. సువార్తమ్మ తన పేరు కోసం పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ రెండుసార్లు చూసుకుంది. లేదు. తోటమాలి పర్మినెంటు, ఆమె ఒప్పందం.

చలమయ్య గారి బల్ల దగ్గరకు పోయి నిలబడింది. ఆయన అరగంట తర్వాత తలెత్తారు.

"సార్, పడిపోయినోళ్ళ కాడికి ముందు పొయ్యేది మేమే గదా. మా పేర్లు లేవు సార్."

"నువ్వు ముందు పోవటం లేదని ఎవరన్నారమ్మాయ్? పరుగెత్తటానికి సీనియారిటీ అక్కర్లేదు. నేర్చుకోటానికి కావాలి." ఆయన కళ్ళజోడు తుడుచుకుని, దయతలచి, అనుబంధం అనే కాగితంలో తోటమాలి కింద ఆమె పేరు, ఖాజావలి పేరు రాసుకున్నారు.

తమ వంతు ఎప్పుడొస్తుందని అడిగింది. పైన ఎవరూ బదిలీ కాకుండా, ఎవరూ సెలవు పెట్టకుండా ఉంటే వచ్చే శ్రావణానికి రావచ్చన్నారు.

"ఈలోపల పడిపోయేవాళ్ళ గతేంది సార్?"

"వాళ్ళని కూడా ఒక దరఖాస్తు పెట్టుకోమను, పరిశీలిద్దాం" అన్నారు చలమయ్య గారు. ఎగతాళికి కాదు, ఆయనకు ఎగతాళి రాదు. పైగా ఆ దరఖాస్తుకు నమూనా ఫారం ఏదన్నా ఉందేమోనని సొరుగు లాగి వెతికారు కూడా.

మొదటి జట్టు శిక్షణ సముద్రపు ఒడ్డు రిసార్టులో పెట్టారు. అంతమంది పెద్దలు ఒక చోట చేరితే ఒక అంబులెన్సు కాపలా ఉండాలని రూలుంది కాబట్టి సువార్తమ్మ బండిని అక్కడికే పంపారు. ఆమె హాలు కిటికీ దగ్గర నిలబడి అంతా చూసింది. ఆమెకు దక్కిన శిక్షణ అదే.

రాజధాని నుంచి వచ్చిన కుర్ర డాక్టరమ్మ నిలువెత్తు రబ్బరు బొమ్మను నేలమీద పడుకోబెట్టింది. ఇతనికి ఊపిరి ఆగిపోతోందనుకోండి, మొదట అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చోండి అంది. పెద్దసారు వామనమూర్తి గారి వంక చూశారు. వామనమూర్తి గారు చలమయ్య గారి వంక చూశారు. చలమయ్య గారు లేచి, జిల్లా అధికారి ఒక కూలిమనిషి ముందు మోకరిల్లిన ఫొటో రేపు పేపర్లో వస్తే ప్రభుత్వ ప్రతిష్ఠ ఏం కావాలని అడిగారు. డాక్టరమ్మ బిత్తరపోయి, అది రబ్బరండీ అంది.

"రబ్బరే కావచ్చునమ్మా. కానీ హోదా నిర్ణయం కాలేదు గదా."

గంటసేపు చర్చ జరిగింది. మొదట బొమ్మను బల్ల ఎక్కించి, తెల్ల దుప్పటి పరిచి, అధికారులు నిలబడే ముక్కులో పిచికారీ కొట్టవచ్చునన్నారు. కూలిమనిషిని బల్ల ఎక్కించి అధికారి కింద నిలబడటం ఇంకా ఘోరమని సహకార ఆడిటాయన ఆక్షేపించారు. చివరికి ఆ బొమ్మకు, శిక్షణా కాలం వరకు, గెజిటెడ్ హోదా ఇస్తూ తీర్మానం చేశారు. అప్పుడు అందరి మనసులూ కుదుటపడ్డాయి. ఒక్కొక్కరే వచ్చి, బొమ్మ ముక్కు దగ్గర పిచికారీ పెట్టి, కెమెరా వంక చూసి నవ్వి, సర్టిఫికెట్ తీసుకుని భోజనాలకు వెళ్ళారు.

గెజిటెడ్ హోదా వచ్చాక దిగువ సిబ్బందికి చిక్కొచ్చింది. నాన్ గెజిటెడ్ ఉద్యోగి గెజిటెడ్ అధికారి ముక్కు ముట్టుకోరాదని చలమయ్య గారు సందేహం లేవనెత్తారు. అందువల్ల తర్వాతి జట్లకు బొమ్మను దూరం నుంచి చూపించి పంపేవారు. దాన్ని స్టోరులో పడేయటం మర్యాద కాదని ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కొత్తగా చేరిన అటెండరు వారం రోజులపాటు దానికి నమస్కారం పెట్టాడు.

ఆ మొదటి రోజే, లోపల భోజనాలు సాగుతుండగా, సువార్తమ్మకు ఫోను వచ్చింది. దోసకాయలపాడు క్వారీలో డ్రిల్లింగు వీరాస్వామి పడిపోయాడు, పెదాలు నీలం తిరిగాయి. క్వారీ అక్కడికి ఆరు కిలోమీటర్లు. ఖాజావలి బండి స్టార్టు చేశాడు. చలమయ్య గారు చేతిలో విస్తరితోనే వచ్చి బండికి అడ్డం నిలబడ్డారు.

"ఇంతమంది పెద్దలను వదిలేసి ఎక్కడికయ్యా? పెద్దసారు బిర్యానీ తింటున్నారు. పొలమారితే బాధ్యులెవరు?"

సువార్తమ్మ దణ్ణం పెట్టింది. పోనీ చూపించటానికి సీలుతోనే తెచ్చిన ఆ మందు పెట్టె ఒకటిస్తే ఖాజావలి ఎవరిదన్నా మోటారు సైకిలు మీద పోయొస్తాడంది. సీలు విప్పే అధికారం తనకు లేదన్నారు. పక్క మండలం బండి వచ్చేసరికి యాభై నిమిషాలయింది. వీరాస్వామి చచ్చిపోయాడని ఫోను వచ్చినప్పుడు లోపల చప్పట్లు వినబడుతున్నాయి. డిపో మేనేజరు గారికి సర్టిఫికెట్ ఇస్తున్నారు. సువార్తమ్మకు ఆ చప్పట్లు కొట్టే చేతులన్నీ విరిచేయాలనిపించింది. బండి మెట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

శిక్షణ నిచ్చెన మీద కొంచెం కొంచెంగా దిగుతూ డెబ్భై రెండో పేరు దాకా వచ్చింది. అంతలో పెద్దసారు తర్వాతి స్థానంలో ఉన్న జాయింటు సారు బదిలీ అయి, కొత్తాయన వచ్చారు. ఆయనకు శిక్షణ లేదు. ఆయన కింద డెబ్భై మందికి ఉంది. ఇది ఘోర విపరీతం. చలమయ్య గారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, మూడోనాడు ఉత్తర్వు రాసి తెచ్చారు.

"నూతన అధికారి శిక్షణ పొందు వరకు, వారి క్రింది అధికారులు తాము నేర్చిన విద్యను తాత్కాలికముగా తెలియనట్లు భావించవలెను."

దాని కింద వామనమూర్తి గారు "అట్లే" అన్నారు. అధికారుల్లో చాలామందికి ఆ ఉత్తర్వు పాటించడం కష్టమనిపించలేదు.

కొత్త జాయింటు సారుకు శిక్షణ పూర్తయ్యేసరికి పాత రెవెన్యూ అధికారి రిటైరయ్యారు, కొత్తాయన వచ్చారు. ఆయన నేర్చుకునేసరికి మరొకరు. వైకుంఠపాళిలో పాము నోట పడ్డట్టు పథకం ఆ పై మెట్ల దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది. ఈలోగా నిధి మురిగిపోకుండా వామనమూర్తి గారు శిక్షణా భవనం కట్టించారు. భవనానికి శిలాఫలకం కావాలి. శిలాఫలకం చెక్కే పని ఆశీర్వాదానికి వచ్చింది.

మొదట వాడు సంతోషించాడు. పదిహేడు పేర్లు, ప్రోటోకాల్ ప్రకారం, బంగారు రంగు అక్షరాలు. ఆఖరి అక్షరం చెక్కిన రోజునే జాయింటు సారు మారారు. పేరు మార్చాలంటే రాతిలో ఉన్నది చెరపాలి, చెరపాలంటే రాయంతా ఒక పొర దాకా అరగదీసి మళ్ళీ మెరుగు పెట్టాలి, మళ్ళీ పదిహేడు పేర్లూ చెక్కాలి. చెక్కాడు. రెవెన్యూ అధికారి మారారు. అరగదీసి మళ్ళీ చెక్కాడు. ఇద్దరిలో ఎవరి పేరు పైన ఉండాలని వివాదం వస్తే మూడోసారి. అరచేతి మందం ఉన్న రాయి రెండు వేళ్ళ మందానికి వచ్చింది. ఆశీర్వాదం నడుం కూడా అంతకంటే బాగా ఏమీ లేదు. వంగినవాడు లేవాలంటే గోడ పట్టుకోవాలి. రోజుకు రెండు బిళ్ళలు ఆరయ్యాయి, ఆరు పట్టీ అయ్యింది.

సువార్తమ్మకు తెలిసింది. వదిలెయ్యరా, ఆ దిక్కుమాలిన రాయి ఎవరి నెత్తినన్నా పడనీ అంది. వాడు తల వంచుకుని, "సగంలో ఆపితే ఇంక ఆఫీసు పని ఒక్కటి రాదక్కా. ఈ ఒక్కటి అయిపోతే ఆసుపత్రికొస్తా, నీ మీద ఒట్టు" అన్నాడు. మళ్ళీ ఒట్టు. ఆమె ఆ రోజునుంచి వాడి నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చలమయ్య గారి దగ్గరకు పోయి ఒక్క పెట్టె, ఒక్కటంటే ఒక్కటి ఇప్పించమని మళ్ళీ అడిగింది. మీ తమ్ముడికి ఇంకా ఏమీ కాలేదు కదా అన్నారాయన.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. ముఖ్య అతిథి పదకొండు గంటలకు. పొద్దున ఆరింటికి చలమయ్య గారు ఆశీర్వాదాన్ని పిలిపించారు. ముందు రోజు సాయంత్రం జిల్లాకు పెద్దసారే మారిపోయారు. మొదటి పేరు చెరిపి కొత్త పేరు చెక్కాలి. రాయంతా అరగదీసే వ్యవధి లేదు, ఆ ఒక్క వరుస వరకు తీసి, గుంటలోనే చెక్కెయ్యమన్నారు. రాయికి అప్పటికే తెర కట్టారు. వాడు ఉలీ సుత్తీ తీసుకుని తెర వెనక్కి పోయాడు. పని మధ్యలో నడుం వంగక జేబులోది మొత్తం నోట్లో వేసుకున్నాడని తర్వాత తెలిసింది.

ఎప్పటిలాగే కాపలాకు వచ్చిన సువార్తమ్మ గేటు దగ్గర బండిలో ఉంది. తమ్ముడు ఆ తెర వెనక ఉన్నాడని ఆమెకు తెలియదు. షామియానా కింద శిక్షణ పొందిన అధికారులంతా సీనియారిటీ వరుసలో కూర్చున్నారు. వేదిక పక్కన బల్ల మీద, సీలు తీసిన మందు పెట్టె ఒకటి పళ్ళెంలో పెట్టి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. దాన్ని ముఖ్య అతిథి కత్తిరించాలి. కార్యక్రమ పత్రంలో మొదటిది శిలాఫలకావిష్కరణ, రెండోది నమూనా ప్రదర్శన.

ముఖ్య అతిథి తాడు లాగారు. తెర పక్కకు జరిగింది. రాతి మీద కొత్త పెద్దసారు పేరులో మొదటి సగం ఉంది. రాతి కింద ఆశీర్వాదం కూలబడి ఉన్నాడు, గడ్డం రొమ్మును తాకుతోంది, ఉలి ఇంకా చేతిలో ఉంది.

జనం చప్పట్లు కొట్టారు. నమూనా ప్రదర్శన కొంచెం ముందే మొదలుపెట్టారనుకున్నారు.

సువార్తమ్మ గేటు దగ్గర నుంచే చూసి పరుగెత్తింది. వెనుక ఖాజావలి గాలిసంచి పట్టుకుని పరుగెత్తాడు. తమ్ముడి పెదాలు నీలం. రెప్ప ఎత్తి చూస్తే పాప ఆవగింజంత. రొమ్ము మీద చెయ్యి పెట్టి లెక్కపెడితే పది అంకెలకు ఒక్క ఊపిరి. ఆమె వెనక్కి తిరిగి ఆ కుర్చీల వంక చూసింది.

"నేర్చుకున్నోళ్ళు ఎవురన్నా రండి సార్. చచ్చిపోతన్నాడు సార్."

డెబ్భై ఒక్క మంది శిక్షితులు. కొత్త పెద్దసారుకు శిక్షణ లేదు, కాబట్టి ఉత్తర్వు ప్రకారం ఆ ఉదయం వాళ్ళెవరికీ ఏమీ తెలియదు. మత్స్యశాఖాయన మాత్రం అడుగు ముందుకు వేశారు. పక్కన తనకంటే ఆరు నెలలు సీనియరైన డిపో మేనేజరు కనబడ్డారు. అడుగు వెనక్కి తీసుకున్నారు.

సువార్తమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. బల్ల దగ్గరకు పోయి రిబ్బను పీకి పారేసి, పెట్టె విప్పింది. మూత మీద మూడు బొమ్మలున్నాయి. పడిన మనిషి తల వెనక్కి వంచడం ఒకటి. మోకాళ్ళ మీద కూర్చుని ముక్కులో గొట్టం పెట్టి నొక్కడం ఒకటి. ఊపిరి అందాక పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఒకటి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. నొక్కింది. ఖాజావలి గాలి ఒత్తుతున్నాడు. రెండు నిమిషాలు ఏమీ లేదు. రెండో పిచికారీ ముక్కు రెండో రంధ్రంలో కొట్టింది. యేసయ్యా అనుకుంది, వీరాస్వామి అనుకుంది, ఏమనుకుందో ఆమెకే గుర్తులేదు. ఆశీర్వాదం ఒళ్ళంతా కుదిపినట్టు దగ్గి, కళ్ళు తెరిచాడు.

"అక్కా, పెద్దసారు పేరు సగమే అయింది" అన్నాడు.

ఈసారి చప్పట్లు ఆగలేదు. ముఖ్య అతిథి లేచి నిలబడి మరీ కొట్టారు. మన పల్లె కళాకారుల్లో ఇంత ప్రతిభ ఉందని తాను ఎరగననీ, ముఖ్యంగా శవం వేషం వేసిన అబ్బాయి జీవించాడనీ మైకులో మెచ్చుకున్నారు. మందు ప్రభావం తగ్గితే మళ్ళీ ముంచుకొస్తుందని భయపడి, సువార్తమ్మ వాణ్ణి బండిలో వేసుకుని ఆసుపత్రికి పోయింది. ఆ చప్పట్లు గేటు దాటేదాకా వినబడ్డాయి.

వారం తర్వాత ఆమెకు మెమో వచ్చింది. ముఖ్య అతిథి కంటే ముందు రిబ్బను తెంచడం ఒక నేరం. శిక్షణ లేకుండా ప్రాణం నిలబెట్టడం రెండో నేరం. డెబ్భై ఒక్క మంది సీనియర్ల సమక్షంలో నిలబెట్టడం మూడోది, అన్నిటికంటే పెద్దది. విచారణకు ముగ్గురు గెజిటెడ్ అధికారులుండాలి. వామనమూర్తి గారు ఉన్నారు, మత్స్యశాఖాయన ఉన్నారు. మూడోవారు దొరక్క రబ్బరు బొమ్మను కూర్చోబెట్టారు. చలమయ్య గారు రాసుకోవడానికి పక్కన కూర్చున్నారు.

నువ్వు శిక్షణ పొందలేదు కదా, నీకెట్లా తెలిసిందని వామనమూర్తి గారు అడిగారు. దొంగతనంగా ఎవరు నేర్పారో పేరు చెబితే శిక్ష తగ్గిస్తామన్నారు. సువార్తమ్మ సంచిలోంచి ఖాళీ పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. వామనమూర్తి గారు కళ్ళజోడు పెట్టుకుని మూత చూశారు. మత్స్యశాఖాయన చూశారు. ఏడాదికి పైగా పథకం నడిపిన ఆ గదిలో ఆ పెట్టెను దగ్గరగా చూడటం అదే మొదలు.

"ఇంతేనా?" అన్నారు వామనమూర్తి గారు.

"ఇంతే సార్. మోకాళ్ళ మీద కూర్చోవాల, అదొక్కటే కష్టం."

పెట్టె ఆ చేతినుంచి ఈ చేతికి రెండుసార్లు మారింది. రబ్బరు బొమ్మ ఒక్కటే నిబ్బరంగా ఉంది. అప్పుడు చలమయ్య గారు గొంతు సవరించుకుని, ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసంతా ఒక్క చోట కుప్పపోసినట్టు మాట్లాడారు. పెట్టె మీద బొమ్మ చూసి ఎవరైనా ప్రాణం నిలబెట్టగలిగితే శిక్షణ అనవసరమని తేలుతుంది. శిక్షణ అనవసరమైతే నిధి, భవనం, శిలాఫలకం, సర్టిఫికెట్లు అన్నీ అనవసరమే. ప్రభుత్వం అనవసరమైన పని చేయదు. కాబట్టి ఈమె ప్రాణం నిలబెట్టలేదు. నిలబెట్టలేదు, అయినా ఆ మనిషి బతికే ఉన్నాడు, కాబట్టి అతని ప్రాణం పోబోలేదు. పోబోలేదు కాబట్టి అది నమూనా ప్రదర్శన. ముఖ్య అతిథి గారు కూడా అలాగే మెచ్చుకున్నారు, అది మినిట్స్‌లో ఉంది.

వామనమూర్తి గారి ముఖం వెలిగింది. "అట్లే" అన్నారు.

తన తమ్ముడు చావబోవటం నాటకమని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెడితే మెమో లేదు, ఉద్యోగం ఉంటుంది. సువార్తమ్మకు ఆ కాగితం వాళ్ళ మొహాన కొట్టాలనిపించింది. కలం చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. వీరాస్వామి గుర్తొచ్చాడు. ఆసుపత్రి మంచం మీద, బిళ్ళలు మాన్పించే మందు మీద, వణుకుతూ పడుకున్న తమ్ముడు గుర్తొచ్చాడు.

"పెడతా సార్. మరి నాటకం ఆడేవాళ్ళకి సామాన్లుండాల గదా. మందు పెట్టెలు నా బండిలో ఉంచుకుంటా. మళ్ళీ ఎప్పుడు ఎక్కడ ఆడాల్సొచ్చిద్దో."

చలమయ్య గారు రూలు పుస్తకం తీశారు. మందు ఇవ్వాలంటే శిక్షణ ఉండాలి, సీనియారిటీ ఉండాలి. కళాబృందాలకు సామగ్రి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. నాటక సామగ్రి అనే పద్దు కింద ఆ సాయంత్రమే పెట్టెలు ఆమె బండిలోకి ఎక్కాయి. ఒక్కటే షరతు. వాడిన ప్రతిసారీ ప్రదర్శన అని రాయాలి, ప్రాణం అన్న మాట రాయకూడదు.

ఆ ఏడాది సువార్తమ్మ పదకొండు ప్రదర్శనలు ఇచ్చింది. క్వారీల్లో, పాలిషింగు షెడ్లలో, బస్టాండు మరుగుదొడ్డిలో. శవం వేషం వేసినవాళ్ళలో తొమ్మిది మంది లేచి కూర్చున్నారు. ఇద్దరు మాత్రం పాత్రలోనే ఉండిపోయారు, వాళ్ళ కోసం ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. శిక్షణ పొందిన అధికారుల ఖాతాలో ఆ సంవత్సరం ఒక్క ప్రాణమూ లేదు. ఒక్క ప్రాణమూ పోలేదు కూడా అని చలమయ్య గారు నివేదికలో రాశారు. ఆ మాట నిజమే, వాళ్ళు ఎవరి దగ్గరకూ పోలేదు.

వార్షికోత్సవంలో ఆ డెబ్భై ఒక్క మందికీ ఉత్తమ ప్రాణరక్షక పతకాలిచ్చారు. రబ్బరు బొమ్మకు శాలువా కప్పారు. చివర్లో కళాబృందాల వంతు వచ్చింది. సువార్తమ్మ ఉత్తమ నటి, ఆశీర్వాదం ఉత్తమ నటుడు. వాడు ఉలి మానేసి ఆసుపత్రి గేటు దగ్గర టీ కొట్టు పెట్టుకున్నాడు, నడుం కొద్దిగా నిలబడింది. జ్ఞాపిక అందిస్తూ పెద్దసారు వాడి భుజం తట్టి, ఆ రోజు చావు చాలా సహజంగా వచ్చింది కానీ లేవటమే కొంచెం తొందరపడ్డావు, ఇంకాసేపు పడుకుని ఉంటే రక్తి కట్టేదన్నారు. ఆశీర్వాదం అక్క వంక చూశాడు. ఈసారి గుర్తుంచుకుంటానన్నాడు.

సువార్తమ్మ ఫోను మోగింది. ఆమె విని, జ్ఞాపికను కుర్చీలో పెట్టి లేచింది.

"సన్మానం మధ్యలో ఎక్కడికమ్మాయ్?" అన్నారు చలమయ్య గారు.

"ప్రదర్శనుంది సార్. దోసకాయలపాడు క్వారీ కాడ."

ఆయన సంబరపడ్డారు. పెద్దసారు కూడా ఆమె ప్రదర్శన మరొకటి కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళుగానో అంటున్నారట. "అట్లయితే ఉండు, అందరం వస్తాం. ముందు వరుస కుర్చీలు సీనియారిటీ ప్రకారం వేయించు."

"ఆడ కుర్చీలుండవు సార్. మోకాళ్ళ మీద కూర్చోవాల" అంది సువార్తమ్మ.

వేదిక మీద ఒక్కరూ కదల్లేదు. ఖాజావలి అప్పటికే బండి స్టార్టు చేశాడు.